పెంకుల కుండకు పిండి ముద్ర

పొద్దెక్కేసరికి ఖోసియత్ ముసలమ్మ తందూరు గోడకు రొట్టెలు అతికించడం, పుడిసెడు నీళ్లు తీసి వాటిమీద చల్లడం అయిపోతాయి. యాభై ఏళ్లుగా ఇదే వరస. ఆ వేళకు కోడలు సనోబర్ వాకిట్లో కూర్చుని గుడ్డు పెంకులు దంచుతూ ఉంటుంది. ఫెర్గానా లోయలోని ఆ ఊళ్లో గుడ్డు తిన్నవాళ్లెవరూ పెంకు పారేయరు. సంచిలో వేసి సనోబర్ గుమ్మానికి తగిలించి పోతారు. బదులుగా వాళ్లకు సబ్బు దొరుకుతుంది.

ఆ సబ్బే సనోబర్ ఏడుపు. ఆమె చేయాలనుకున్నది డీజిలు.

పత్తిగింజల నూనె మిల్లు మూతపడేదాకా తొమ్మిదేళ్లు అక్కడి ప్రయోగశాలలో సీసాలు కడిగింది సనోబర్. నూనెలో మిథనాల్ పోసి, బాగా కాల్చిన పెంకుల పొడి వేసి, ఇంజను నడిపే ఇంధనం తీయడం కళ్లారా చూసింది. ఆ పొడి పెళ్లిళ్ల పేరయ్య లాంటిది. నూనెకూ మిథనాల్‌కూ సంబంధం కుదురుస్తుంది, తను మాత్రం అలాగే మిగులుతుంది. వడగట్టి ఇంకో పెళ్లికి పంపొచ్చు. ఒక్కటే పేచీ, దానికి నీరు తగలకూడదు. తగిలిందా, సంబంధం చెడి అంతా సబ్బై కూర్చుంటుంది. ఇప్పటికి పదకొండుసార్లు అలాగే కూర్చుంది. ఎందుకో సనోబర్‌కు అంతుపట్టలేదు. నూనెలో తేమంతా పోయేలా కాచేది, పీపా ఎండబెట్టేది. అయినా సబ్బే.

నూనెకు మాత్రం కరువు లేదు. పెళ్లిళ్లలో చేపలూ మాంసమూ వేయించగా మిగిలినది ఊరంతా తెచ్చిచ్చేది. ఆ ఊళ్లో నూనె కాగితే, తను విన్నవన్నీ తిరిగి చెబుతుంది. డోలు చప్పుడు, వదినా మరదళ్ల ఎకసెక్కాలు, ఉప్పు ఎక్కువైందన్న గొణుగుడు అన్నీ వినిపిస్తాయి. "ఇది మఖ్కాం కూతురి పెళ్లినూనె కదూ?" అని దారిన పోయేవాళ్లు పోల్చుకుని పోతారు. సబ్బైనా నోరు మూసుకోదు, బట్టలుతికేటప్పుడు సన్నగా పాడుతుంది. నూనె నిజంగా డీజిలైతే మాటలన్నీ బరువెక్కి అడుక్కి దిగుతాయి, పైన తేలింది మూగదవుతుంది. మిల్లులో అదే గుర్తు. సనోబర్ పీపాలో ఇంతవరకు ఏదీ మూగబోలేదు.

మంగళవారం కాలువ పెద్ద ఎర్గష్ నవ్వుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"సబ్బు అయిపోయింది కోడలు పిల్లా. కొత్తదెప్పుడు?"

"అకా, నా చేనుకు నీళ్లెప్పుడు?" అన్న వరస పిలుపుతోనే ఎదురడిగింది సనోబర్.

ఎర్గష్ నవ్వు మానేశాడు. "పంపుకు డీజిలేదీ? ఉన్నదంతా పత్తి ట్రాక్టర్లకే పోయింది. నీ చేను చూస్తే కాలువకంటే మెరకన ఉంది. శుక్రవారం భూముల కమిటీ వస్తోంది. ఎండిన కర్బూజా తీగలు కనబడ్డాయో, చేను ఇంకొకరికి రాసిస్తారు. నా చేతుల్లో ఏముంది చెప్పు?"

"సబ్బుంది. ఆ చేతులు కడిగేసుకోండి," అంది సనోబర్.

భర్త పోయాక అత్తాకోడళ్లకు తిండి పెట్టేది ఆ చేనే. మిథనాల్ ఇక ఒక్క డబ్బాయే మిగిలింది.

బుధవారం పొద్దున సనోబర్ కుమ్మరి హమ్రకుల్ బట్టీలో పెంకుల పొడి కాల్పించి, కుండ తెచ్చి ఎప్పటిలాగే తందూరు పక్కన పెట్టింది. ఈసారి నూనె డబ్బా కూడా అక్కడే ఉంచి పీపా తుడవడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి పొడి ఉబ్బి గోధుమపిండిలా మెత్తగా ఉంది. ఎంత బాగా కాలిందో అని ఎప్పటిలాగే మురిసింది.

నూనె పొయ్యిమీద పెట్టింది. డోలు మోగింది. ఎవరో వియ్యపురాలు ఎత్తిపొడిచింది. ఆ వెనకే 'చుయ్' మని చప్పుడు, దాని వెంట బాగా తెలిసిన గొంతు: "చల్లబడు తల్లీ, చల్లబడు. ఎంత వేడిలోంచి వచ్చావో!"

సనోబర్ చేతిలో గరిటె ఆగిపోయింది.

"అత్తమ్మా! పెంకుల మీద నీళ్లు చల్లారా?"

"చల్లనూ మరి? నిప్పులోంచి వచ్చినదానికి దాహమెయ్యదూ?"

"పదకొండుసార్లూ చల్లారా?"

"పన్నెండు. ఇవాళ్టిది లెక్కలోకి రాదా?"

సనోబర్ గరిటె విసిరికొట్టింది. అది తందూరుకు తగిలి దొర్లుకుంటూ పోయింది. కోళ్లు బెదిరి పారిపోయాయి. ముసలమ్మ కోడలి మొహంలోకి చూసింది, కుండలోకి చూసింది.

"నేనేనా మన చేను ఎండగట్టింది?"

సనోబర్ కుండ చంకనెత్తుకుని, "మళ్లీ కాలిస్తే బాగుపడుతుంది. నీళ్లే కాదు, చల్లారేటప్పుడు గాలి తగిలినా చెడుతుంది," అని బట్టీ వైపు విసురుగా నడిచింది.

"ఆ ముక్క నాకు మొదట్లోనే చెబితే నీ సొమ్మేం పోయేదే?" అంటూ ముసలమ్మ రొట్టెలకు కలిపిన పిండిలోంచి ఒక ముద్ద తీసుకుని వెంటబడింది.

ఆ పొడినే మళ్లీ కాల్చారు. బట్టీలోంచి కుండ బయటికి రాగానే, చేతులు చుర్రుమంటున్నా లెక్కచేయకుండా ముసలమ్మ మూత చుట్టూ పిండి పెట్టి సందు లేకుండా నొక్కేసింది. ఆ వేడికి పిండి అక్కడికక్కడే రొట్టెలా కాలి బిగుసుకుంది. గురువారం పీపాలో నూనె, ఆఖరి డబ్బా మిథనాల్ పోసి, ఆ ముద్ర పగలగొట్టి పొడి వేశారు. మధ్యాహ్నందాకా వంతులవారీగా కలిపారు.

శుక్రవారం పొద్దున సనోబర్ పీపాకు చెవి ఆనించింది. పైన నిశ్శబ్దం. అట్టడుగున ఎక్కడో డోలు చప్పుడు, దాని మీద 'చల్లబడు తల్లీ' అన్న గొంతు.

పైన తేలినదాన్ని ఎర్గష్ నమ్మకం లేకుండానే పంపులో పోశాడు. అది రెండుసార్లు దగ్గి, వేయించిన చేపల వాసనతో పొగ వదిలి, అందుకుంది. కమిటీ కారు కాలువగట్టు ఎక్కేసరికి నీళ్లు మూడో సాలు దాటి పారుతున్నాయి. కారు ఆగనైనా ఆగలేదు, పక్క చేనుకు పోయింది.

ఖోసియత్ ముసలమ్మ గట్టున కూర్చుంది. అలవాటుగా పుడిసెడు నీళ్లు ముంచింది. చెయ్యి గాల్లోనే ఆపి కోడలి వైపు చూసింది.

"ఇక్కడ చల్లొచ్చా?"