గమ్‌బూట్ల బాప్తిస్మం

నీళ్ల ట్యాంకర్లు నడిపేవాడికి దైవశాస్త్రం ఎందుకని పటాన్‌చెరులో చాలామంది నవ్వారు. నేను లెక్క చూసుకునే చేరాను. కొనేవాళ్లు వారం వారం తామే నడిచి వచ్చి, తూకం అడగకుండా సరుకు తీసుకుని, పైగా చేతులు జోడించి వెళ్లే వ్యాపారం చర్చి తప్ప నాకు ఇంకోటి కనిపించలేదు. పటేల్‌గూడలో అప్పుడప్పుడే ఇళ్లు లేస్తున్నాయి. నా ప్లాటులో ఒక రేకుల మందిరం వేసుకుంటే ముసలితనానికి కుదురు. అందుకు పాస్టరు పట్టా కావాలి. మా తాత కాలం నుంచీ మేం మిషన్ చర్చి క్రైస్తవులమే, ఇంట్లో నా పేరు సంగప్పే అయినా. నలభై రెండేళ్ల వయసులో సికింద్రాబాదులో సాయంత్రం తరగతులకు చేరాను.

రెండేళ్లు చదివాక తెలిసింది, ఆ సరుకు తయారుచేసేవాళ్లకే దాని సంగతి సరిగా తెలీదని. త్రిత్వం అన్నారు, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడని. ముగ్గురు భాగస్వాములు, ఒకటే సంస్థ, అనాది నుంచీ ఒక్క తగాదా లేదు. సొంత తమ్ముడితో రెండేళ్లు కలిసి బండి నడపలేక విడిపోయినవాణ్ని. పరీక్షలో రాశాను గాని, లోపల ఒప్పుకోలేకపోయాను. రక్షణ పొందేవాళ్ల పేర్లు లోకం పుట్టకముందే రాసిపెట్టారనే సిద్ధాంతం మాత్రం వెంటనే అర్థమైంది. కాలనీల్లో నీళ్ల లిస్టు అలాగే తయారవుతుంది. ఎవరు రాశారో, ఎందుకు రాశారో ఎవరికీ తెలీదు. పేరు లేనివాడు బిందె పట్టుకుని నిలబడాల్సిందే. ఇక కృప అందరికీ ఉచితమని బోధించే చర్చిలో ముందు బెంచీలు ఫ్యాక్టరీ పర్మినెంటువాళ్లవి, వెనక చాపలు కాంట్రాక్టు కూలీలవి. పరలోకంలోనూ ఇదే వరసా అని అడిగితే, అది సిలబస్‌లో లేదన్నాడు మా ప్రొఫెసరు.

బాప్తిస్మం పాఠం మూడు వారాలు సాగింది. నీళ్లు చిలకరించాలా, మనిషిని ముంచాలా? ఎన్ని నీళ్లు అన్న ఒక్క ప్రశ్న మీద పండితులు వందల ఏళ్లు తిట్టుకున్నారు. ఏ నీళ్లు అని ఒక్కడూ అడగలేదు. ఆ ప్రశ్న పటాన్‌చెరువాడికే వస్తుంది.

ఆఖరి ఏడు, అంటే తొంభై ఏడులో, నాలుగు నెలలు ఒక పాస్టరు కింద పనిచేసి ఆయన సంతకంతో సర్టిఫికెట్టు తెచ్చుకోవాలన్నారు. ఆ సంతకం లేకపోతే పట్టా రాదు. మా ఇంటికి దగ్గరని నన్ను ఒక ముంచే చర్చికి పంపారు. అక్కడి పాస్టరు దేవసహాయం గారిది గుంటూరు వైపు. మందిరం వాగు ఒడ్డున ఉంది. మే నెలలో వాగులన్నీ ఎండుతాయి. మా వాగు ఎండదు, ఫ్యాక్టరీలు వదిలేది పారుతూనే ఉంటుంది, చాయ్ రంగులో, పైన నురగతో. దేవసహాయం గారు దాన్ని చూపించి, "చూశారా బ్రదర్, ఇంత ఎండలోనూ దేవుడు మనకు నీళ్లు ఆపలేదు" అన్నాడు. ఆయన వెక్కిరించడం లేదు. అంత తెలివి ఆయనకు లేదు.

ఆ నెలలో బాప్తిస్మానికి ఒకే ఒక్క మనిషి ఉంది. మొగులమ్మ. అరవై దాటింది. ఆ వాగు నీళ్లు పారే మడుల్లోనే ఏళ్లతరబడి నాట్లు వేసి, మోకాళ్ల కింద రెండు కాళ్లూ పుండ్లు పడ్డాయి. ఆమె కూతురు పోశవ్వ ఇరవై ఏళ్ల కింద, వాగు ఇంకా వాగుగా ఉన్నప్పుడు, అందులో మునిగి చర్చిలో చేరింది. నిరుడు చనిపోతే మందిరం వెనక బొందలగడ్డలో పూడ్చిపెట్టారు. బాప్తిస్మం లేనివాళ్లకు అక్కడ చోటు లేదు. మొగులమ్మకు ఆ చోటు కావాలి. అంతే.

నేను పాస్టరు దగ్గరికి వెళ్లాను.

"అయ్యగారు, ఆమె కాళ్లు సూసిండ్రా? పచ్చి పుండ్లు. గా వాగుల దింపితే కాలు తీసెయ్యాలంటరు."

"ప్రార్థన చేసి దింపుతాం బ్రదర్. ప్రార్థించాక అవి మామూలు నీళ్లు కావు."

"ఇప్పుడు గూడ మామూలు నీళ్లు కావు. నేను సంగారెడ్డి దిక్కు బావికెల్లి ట్యాంకర్ తెస్త. మందిరం ముంగట తొట్టి ఉంది గద, నింపుత."

"నిలవ నీళ్లు పనికిరావు. యేసుప్రభువు మునిగిన యొర్దాను పారే నది. మీ మిషన్‌వాళ్లలాగా నాలుగు చుక్కలు చల్లి సరిపెట్టడం మా దగ్గర కుదరదు." ఆయన నా వైపు చూసి నవ్వాడు. "మీ సర్టిఫికెట్టు మీద ఈ నెలాఖరుకే కదా నేను సంతకం పెట్టాల్సింది?"

అదొక్కటే ఆయన నాతో మాట్లాడిన వ్యాపారం. మిగతాదంతా గాలి.

మొగులమ్మ ఇంటికి పోయి, "పెద్దమ్మా, మా చర్చికి రా. నీళ్లు చల్లి చేర్చుకుంటరు" అన్నాను.

"మీ చర్చిల చేరితె మీ బొందలగడ్డల పెడ్తరు. నా బిడ్డ ఈడుంది."

"కాలు పోతది పెద్దమ్మా."

"సచ్చినంక కాలుతోని ఏం పని కొడుకా? పోశవ్వ పక్కన జాగ ఉంది, సూసుకున్న. నేను ఆలిస్యం జేస్తె ఇంకెవలన్న వచ్చి పండుకుంటరు."

రెండేళ్ల చదువులో నాకు కనిపించిన వాళ్లలో ఏం కావాలో, దానికి ఏం పోతుందో లెక్క తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. అయినా ఆ బేరం నాకు నచ్చలేదు. పైకి వచ్చాక కాళ్లైనా కడగొచ్చని, ఆదివారం పొద్దున ట్యాంకర్ నింపి వాగు ఒడ్డున నిలబెట్టాను.

అరవై మంది దాకా వచ్చారు. ముందు పర్మినెంటువాళ్లు ముక్కులకు రుమాళ్లు అడ్డం పెట్టుకుని, వెనక కాంట్రాక్టువాళ్లు అలవాటైన ముక్కులతో. ఐలన్న డోలక్ కొడుతున్నాడు. మొగులమ్మ తెల్లచీరలో వచ్చి, వాగులోకి దిగే రాయి మీద నిలబడింది. దేవసహాయం గారు నీళ్ల మీద చెయ్యి చాపి పెద్దగా ప్రార్థించి, దిగడానికి కదిలాడు. అప్పుడు చూశాను. తెల్లప్యాంటు మోకాళ్ల దాకా నల్లటి గమ్‌బూట్లలో దోపి ఉంది. ఫ్యాక్టరీలో యాసిడ్ దగ్గర పనిచేసేవాళ్లకు ఇచ్చే బూట్లు.

"అయ్యగారు, ప్రార్థన అయిందా?" అన్నాను.

"అయింది బ్రదర్. మీరు ఆమె రెండో చెయ్యి పట్టుకోండి."

"అయితె బూట్లు ఇడువుండ్రి."

ఐలన్న డోలక్ ఆపాడు. ఆ సంగతి అప్పటిదాకా అందరూ చూశారు, ఒక్కరూ అనలేదు. చర్చి నడిచేదే అలా.

"నాకు షుగర్ ఉంది బ్రదర్" అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. "కాలికి ఏదైనా తగిలితే మానదు."

వెనక నుంచి మల్లమ్మ అనే కూలీ మనిషి, "షుగర్‌కు ప్రార్థన లేదా అయ్యగారూ?" అంది. చాపలవాళ్లందరూ నవ్వారు. ముందువాళ్లు రుమాళ్ల వెనక నవ్వారు.

మొగులమ్మ నవ్వలేదు. ఆయన బూట్లు చూసింది, తన కాళ్లు చూసుకుంది, రాయి మీద నుంచి ఒడ్డుకు ఎక్కింది.

"మీ కాళ్లు పయిలం అయ్యగారూ. నాయి గూడ కాళ్లే. సంగప్పా, నీ బండి పైపు ఇప్పు."

"అమ్మా, పారే నీళ్లలో మునగాలి" అన్నాడు దేవసహాయం గారు.

"పైపుల నీళ్లు పారవా? తలకాయకెల్లి కాలిగోరు దాక తడుస్త. ఇంకేం మునుగుడు? దేవునికి సాలదంటె నాకు జెప్పుమనుండ్రి, మీకెందుకు జెప్తడు?"

ఆమె బండి వెనక నేల మీద కూర్చుంది. నేను వాల్వు తిప్పాను. దేవసహాయం గారు అరవై ముఖాలూ ఒకసారి చూశాడు. సిద్ధాంతం పట్టుకుంటే వచ్చే ఆదివారం ఎన్ని చాపలు ఖాళీ అవుతాయో ఆయనకూ లెక్క వచ్చు. వచ్చి, ఆమె తల పైపు కింద వంచి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో అన్నాడు, సరుకు నష్టానికి అమ్మేవాడి గొంతుతో.

ఆమె తడిచీరతోనే లేచి, రిజిస్టరు తెప్పించి, పేరు రాయించుకుంది. చదువు రాదు కాబట్టి నాతో రెండుసార్లు చదివించుకుంది. తర్వాత బొందలగడ్డ వైపు నడిచింది.

దేవసహాయం గారు నన్ను పక్కకు పిలిచి, "మీ సంగతి కాలేజీకి రాస్తాను" అన్నాడు.

"రాయుండ్రి. ఏ బూట్లు తొడిగిండ్రో అది గూడ రాయుండ్రి."

ఆయన రాయలేదు. సంతకమూ పెట్టలేదు. నాకు పట్టా రాలేదు, పటేల్‌గూడ ప్లాటులో ట్యాంకర్లకు షెడ్డు వేశాను. అది తర్వాతి మాట. ఆ పూట బొందలగడ్డలో మొగులమ్మ కూతురి పక్కన తన పొడవున నేల కొలుచుకుని, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టుకుంటోంది. ఒక రాయి ఆమెకు లేవలేదు.

"సంగప్పా, జెర ఇటు రా. గిది పోశవ్వ దిక్కు జరుపు. గంత దూరం ఎందుకు?"

నేను వెళ్లి జరిపాను.