తడిగుడ్డ కట్టిన కిటికీ

ఫ్యాక్టరీలో కొత్త స్క్రబ్బర్ నడవడం మొదలైన మర్నాడు పొద్దున్నే అన్నయ్య అడిగాడు, "ఆ కిటికీ తియ్యరా" అని. దానికి వదిన ఎన్నేళ్లుగానో తడిగుడ్డ కట్టి ఉంచుతోంది.

అన్నయ్య పని యాసిడ్ తొట్టి దగ్గర. తుప్పు పట్టిన ఇనుప రేకుల్ని ముంచి తీయడం. తొట్టిలోంచి లేచే యాసిడ్ ఆవిరిని కడగడానికి ఇంతకుముందూ ఒక స్క్రబ్బర్ ఉండేది, పేరుకి. తనిఖీవాళ్లు వస్తున్నారంటేనే దాని పంపు తిరిగేది. మా వీధి ఆడవాళ్లు ఆ రోజు చూసుకునే బట్టలు ఆరేసేవాళ్లు. మిగతా రోజుల్లో ఆవిరి అన్నయ్య లోపలికి పోయేది, మిగిలింది వీధిలోకి వచ్చేది. ముందు అతని ముక్కు పోయింది, ఏ వాసనా తెలియదు. ఇప్పుడు ఊపిరి పోతోంది. ఇక ఇంటికి తీసుకెళ్లమన్నాడు డాక్టరు. ఉన్న నాలుగు రోజులూ గాలి తగిలేచోట పడుకోవాలని అన్నయ్య కోరిక. అంతే.

కొత్త స్క్రబ్బర్ టవర్‌కి బోల్టులు బిగించిన ఫిట్టర్లలో నేనూ ఒకణ్ణి. ఫ్యాను ఆవిరిని అందులోకి లాగుతుంది. పైనుంచి కాస్టిక్ సోడా నీళ్లు జల్లుగా పడతాయి. ఆ జల్లులో తడుస్తూ పైకెక్కేసరికి యాసిడ్ నీళ్లలోనే ఉండిపోతుంది. ఇంత తేలికైన పని చేయించడానికి ఒక మనిషి అరిగిపోవాల్సి వచ్చింది.

అయితే బయటికొచ్చే నీటి ఆవిరి తెల్లగా, దట్టంగా ఉంది. పాత విషం కంటికి సరిగ్గా కనిపించేదే కాదు.

"కళ్లు కనిపించడం లేదా మరిదీ? అంత పొగ ఎప్పుడైనా చూశామా?" అంది వదిన కిటికీకి అడ్డం నిలబడి.

"అది ఆవిరి వదినా. అన్నం గిన్నె మీద రాదూ, అలాంటిదే."

"మీ కంపెనీ గిన్నెలో ఏం ఉడుకుతుందో నాకు తెలుసులే. వట్టి దగ్గే అన్నారు ఈయనకి కూడా."

అన్నయ్య నవ్వబోయి దగ్గాడు. "దానికి... మాటలు చాలవురా. అమ్మోనియా తే."

యాసిడ్ ఎక్కడ కారుతోందో చూడ్డానికి మేం చేసే పని అది. అమ్మోనియా సీసా మూత తీసి పట్టుకుంటే, దగ్గర్లో యాసిడ్ ఆవిరి ఉన్నచోట తెల్లటి పొగ లేస్తుంది. ఫ్యాక్టరీకి వెళ్లి సీసా తెచ్చాను. వదినను పెరట్లోకి పిలిచి, ముందు బాత్రూం కడిగే యాసిడ్ దగ్గర పెట్టి చూపించాను. బుస్సుమని పొగ. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. యాసిడ్ సీసాకి మూత బిగించి, దూరంగా కిటికీ బయట గాలిలో అమ్మోనియా సీసా పట్టుకున్నాను.

ఏమీ లేవలేదు.

వదిన చాలాసేపు చూసింది. లోపలికి వెళ్లి ఒక్కొక్క ముడే విప్పింది. మంచం కిటికీ దగ్గరికి జరిపాం.

"వాసనొస్తోందా?" అన్నాడు అన్నయ్య.

"లేదన్నయ్యా."

"నీకో?"

"లేదండీ. ఏమీ రావడం లేదు" అంది వదిన.

"నాకూ... రావడం లేదు." గొప్ప సంగతి చెప్పినట్టు మా ఇద్దరి మొహాలూ చూశాడు. "ఇన్నాళ్లకి ముగ్గురం ఒకటే."

కర్టెన్ కదిలేంత గాలి వస్తోంది. దాన్ని లోపలికి తీసుకోవడానికి అతని ఛాతీలో చోటే లేదు. ఒక గుక్క తీసుకున్నాడు, ఆగాడు, మళ్లీ ఒక గుక్క.

వదిన చేతిలో గుడ్డ ఇంకా నీళ్లు కారుతోంది. దాన్నెక్కడ పెట్టాలో తెలియనట్టు, అలాగే పట్టుకుని నిలబడింది.