ఆదెమ్మ ఇచ్చిన గొర్రెపిల్ల

ఎమ్మెల్యే అయినాక నల్లప్ప భుజాలకు తీరిక లేకుండా పోయింది. వార్డు మెంబరుగా ఉన్నప్పుడు ఆ భుజాన తువ్వాలు ఒక్కటే ఉండేది. సర్పంచ్ అయినాక ఊళ్ళోవాళ్ళ బోరు మోటార్లు ఎక్కాయి. మండలాధ్యక్షుడైనాక శాలువాలు మొదలయ్యాయి. ఇప్పుడేమో మెడలో గజమాల, భుజాన కంబళి, చంకలో గొర్రెపిల్ల. పని చేద్దామంటే చేతులు ఖాళీగా ఉండాలి కదా అని తన మీద తానే జోకు వేసుకునేవాడు. జోకు బాగానే ఉండేది గానీ, పక్కనున్నవాళ్ళు అవసరానికి మించి నవ్వి దాని రుచి చెడగొట్టేవాళ్ళు.

గొర్రెలు కాసుకుని బతికే ఆయన కులంలో నాయకుడికి సన్మానమంటే కంబళి కప్పి గొర్రెపిల్లను చేతికి ఇవ్వాల్సిందే. మామూలుగా ఇచ్చేది పొట్టేలు పిల్లను. దాని గతి ఏమవుతుందో ఇచ్చినవాడికీ తెలుసు, తీసుకున్నవాడికీ తెలుసు. ఆడదాన్ని ఎవరూ ఊరికే ఇవ్వరు. ఆడగొర్రె మందకు విత్తనం. దాన్ని ఇచ్చారంటే నీ ఇంట్లోనూ మంద పెరగాలని మనసారా కోరినట్టు. తీసుకున్నవాడు దాన్ని పెంచాలే తప్ప వేరే ఆలోచన చేయకూడదు.

పెనుకొండ సభలో ఆదెమ్మ ఇచ్చింది ఆడగొర్రె పిల్లనే. ఆమెది నల్లప్ప ఊరే, వరసకు మేనత్త. ఆయన సర్పంచ్‌గా ఉన్న రోజుల్లో ఆమె గొర్రె ఈనలేక పడిపోతే, డాక్టరు కోసం చూడకుండా చొక్కా విప్పి, మోచేతి దాకా నూనె రాసుకుని పిల్లను బయటికి తీసింది నల్లప్పే. ఆ పిల్లకు పుట్టిన పిల్ల ఇది. ఒళ్ళంతా నలుపు, నుదుటి మీద సున్నం అంటినట్టు చుక్క, ఎడమ చెవి కొసన ఆదెమ్మ మందకు గుర్తుగా పెట్టే కోత.

"ఇంట్లోనే పెంచుకో నల్లప్పా. అమ్మొద్దు, కొయ్యొద్దు," అంది ఆదెమ్మ.

"నా బిడ్డ మాదిరి సూసుకుంటా అత్తా," అని నల్లప్ప మైకులోనే మాటిచ్చాడు.

మైకులో తానిచ్చిన మాటల్లో మనసులోంచి వచ్చింది అదొక్కటేనని ఆయనకే అనిపించింది. చప్పట్లు కొట్టేవాళ్ళను ఆటోల్లో తోలుకొస్తారు. దండలు కాంట్రాక్టర్లవి, ఈలలు బిర్యానీవి. ఆదెమ్మను మాత్రం ఎవరూ తోలుకురాలేదు. పిల్లను ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి తనే వచ్చింది. ఇంత పదవిలో తనకంటూ నిజంగా ఉన్న మనిషి ఆమె ఒక్కతేనని తలచుకుని నల్లప్ప కళ్ళు తడిచేసుకున్నాడు. తడి ఆరకముందే పిల్లను రామాంజి చేతిలో పెట్టి కారెక్కాడు. సభల ఏర్పాట్లన్నీ చూసేది రామాంజే.

ఆ తర్వాతి సన్మానం హిందూపురంలో. కంబళి కప్పారు, గొర్రెపిల్లను చేతికిచ్చారు. నలుపు, చుక్క, చెవి కోత. గొర్రెల మధ్య పెరిగిన మనిషి, గుర్తుపట్టకుండా ఎట్లుంటాడు? పిల్ల కూడా ఆయన్ను గుర్తుపట్టినట్టే చూసి, విసుగ్గా ముఖం తిప్పుకుంది.

కారులో అడిగాడు. "రామాంజీ, ఇది మన ఆదెమ్మత్త పిల్ల గదప్పా?"

"అవునన్నా. సభసభకీ కొత్త పిల్లని యాడ తెస్తాం? ఇది నెమ్మదైంది, మైకు మోతకి బెదరదు. ఫోటోలో కూడా బాగా పడతాండాది."

నల్లప్ప ఆ పూటే దాన్ని ఇంటికి చేర్చి ఉండాల్సింది. ధర్మవరం సభ ఒక్కటీ కానీలే అనుకున్నాడు. ఊరి రోడ్డు గురించి కూడా ఆయన ఇట్లాగే అనుకుంటూ వచ్చాడు, వచ్చే బడ్జెట్ ఒక్కటీ కానీలే అని. పైగా ఫోటో నిజంగానే బాగా పడింది.

ధర్మవరంలో స్టేజీ ఎక్కి జనానికి దండం పెడుతుంటే ఆడవాళ్ళ వరసలో ముందు కూర్చుని ఆదెమ్మ కనబడింది. కూతురు రాణిని ఆ ఊరికే ఇచ్చింది. బిడ్డను చూడ్డానికి వచ్చి, మావాడి సభ అంట అని ఇటొచ్చి కూర్చున్నట్టుంది. ఆయన్ను చూసి చెయ్యి ఊపింది. అసెంబ్లీలో మొదటిసారి లేచి నిలబడినప్పుడు కూడా నల్లప్ప నోరు అంతగా ఎండిపోలేదు. గొర్రెపిల్లను తేవద్దని రామాంజికి సైగ చేయబోయాడు. అప్పటికే అది ఎవరి భుజాల మీదనో మెట్లెక్కి వస్తా ఉంది.

చేతికివ్వగానే దాని ఎడమ చెవిని బొటనవేలి కింద నొక్కిపట్టాడు. నుదుటి మీదికి కంబళి కొస లాగాడు. ఎన్నికల అఫిడవిట్‌లో కూడా ఏదీ ఇంత జాగ్రత్తగా దాచలేదురా నల్లప్పా అనుకున్నాడు. ఆదెమ్మ కాసేపు తేరిపార చూసింది. తర్వాత మందను పిలిచేటప్పుడు చేసే చప్పుడు నాలుకతో చేసింది. పిల్ల కంబళిలోంచి గింజుకుని, స్టేజీ మీంచి దూకి, ఆడవాళ్ళ కాళ్ళ మధ్యగా పోయి ఆమె ఒళ్ళో పడింది. ఇది కూడా కార్యక్రమంలో భాగమనుకుని జనం చప్పట్లు కొట్టారు.

నల్లప్ప దిగి వెళ్ళి ఆమె ముందు వంగాడు. "ఇది వేరే పిల్ల అత్తా. మనది ఇంట్లో ఉండాది," అన్నాడు.

అబద్ధం అంత సులువుగా జారినందుకు ఆయనకే భయమేసింది. ఊరందరికీ చెప్పినా ఆమెకు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఆదెమ్మ వేళ్ళతో చెవి కోత తడిమింది. మెడకు చుట్టిన జరీ రిబ్బను విప్పి పక్కన పెట్టింది. డొక్కలు నిమిరి, "నీళ్ళన్నా పెట్టినట్టు లేరే," అంది.

"తప్పయింది అత్తా. ఈ పొద్దే నేనే ఇంటికి తోలుకుపోతా. ఇటియ్యి," అని నల్లప్ప రెండు చేతులూ చాచాడు. ఈసారి అబద్ధం కాదు, నిజంగానే తీసుకుపోవాలనుకున్నాడు.

ఆదెమ్మ పిల్లకు కొంగు కప్పింది. ముఖంలో కోపం లేదు. తిట్టి ఉంటే బాగుండేదని నల్లప్పకు అనిపించింది.

"మళ్ళా నిలబడు నల్లప్పా, ఓటు నీకే ఏస్తా. ఎవురికో ఒగరికి ఎయ్యాల్సిందే గదా," అంది లేస్తూ. "పిల్లని మాత్రం నీ చేతికియ్యను."

పిల్లను చంకలో పెట్టుకుని జనంలోంచి దారి చేసుకుంటూ వెళ్ళిపోయింది. రామాంజి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమంటాదన్నా ఆయమ్మ? ఓటు మనకేనా?"

"మనకే," అన్నాడు నల్లప్ప.

ఓటు దక్కినందుకు ఏడుపు రావడం ఆయనకు అదే మొదలు.