ఆరింటికి ఎంగేజ్

మా ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ వద్దన్నవాడిని నేనొక్కడినే. మా ఆవిడ కావాలంది, అమ్మాయి కావాలంది, నాకు పేజీలు పంపే ప్రెస్సువాళ్ళు "ఇంకా ఆ పాత కనెక్షనేనా సార్" అని నవ్వారు. నేను ప్రూఫులు దిద్దుతాను. ఒక్కో ఫైలు దిగడానికి నలభై నిమిషాలు పట్టేది. మోడెం కీచుమని అరిచి, గురకపెట్టి, కాసేపు ఆలోచించి అప్పుడు కలిసేది. ఈలోగా పక్క గదిలో ఎవరైనా రిసీవర్ ఎత్తారో, అంతా మళ్ళీ మొదటికొచ్చేది. అయినా వద్దన్నాను.

అడిగినప్పుడల్లా ఒక కుంటిసాకు. గోడకు కన్నం పెడతారన్నాను. అమ్మాయి చదువు పాడవుతుందన్నాను. కొత్తొక వింత, పాతొక రోత అని సామెత కూడా విసిరాను. వాటిలో ఒక్కటీ నిజం కాదు.

నిజం ఇది. మా అక్క రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తుంది. వేరే ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. ఎత్తామంటే గంట. మోకాలి నొప్పి, పై వాటావాళ్ళ కుక్క, మెట్ల మీద వెలగని లైటు, మళ్ళీ మోకాలి నొప్పి. పేజీలో ఒకే పేరా రెండుసార్లు పడితే ఎర్రసిరాతో కొట్టేస్తాను. అక్కనేం చెయ్యను? అందుకని ఐదూ యాభైకల్లా నెట్ కలిపేవాడిని. అది కలిసున్నంతసేపూ ఎవరు ఫోన్ చేసినా ఎంగేజే. నా పని ఐదింటికే అయిపోయేది. అయినా కలిపి, ఏడు దాకా తెర ముందు ఊరికే కూర్చునేవాడిని. నెలకోసారి నేనే ఫోన్ చేసి, రెండు నిమిషాలు మాట్లాడి, పనుందని పెట్టేసేవాడిని. ఇలా రెండేళ్ళు గడిపాను.

నా చేత అక్షరాలు దిద్దించింది ఆ అక్కే. అమ్మ పోయాక తను బడి మానేసి నన్ను పంపింది. ఈ మాట రాయాలంటే సిగ్గుగా ఉంది. రాయకుండా దాటేస్తే ఇంకా సిగ్గు.

ఒకరోజు మా ఆవిడ నాకు చెప్పకుండా టెలిఫోను లైన్‌మన్‌ని పిలిపించింది. అతను గోడ మీది డబ్బా విప్పి చూసి, "మీ లైను బాగానే ఉందండీ. ఇకమీదట నెట్ దారి నెట్‌దే, ఫోన్ దారి ఫోన్‌దే. మీరు నెట్‌లో ఉన్నా ఫోన్ మోగుతూనే ఉంటుంది" అన్నాడు, వరమిస్తున్నవాడిలా.

"మోగకుండా చెయ్యలేరా?" నోరు జారింది.

"భలేవారే! ఎంగేజ్ రాకుండా చూడమని అందరూ నా ప్రాణం తీస్తుంటే, మీరు రావాలంటారేంటి?" అని నవ్వాడు.

"పోనీలెండి, ఇకనుంచైనా పాపం వదినకి లైను దొరుకుతుంది" అంది మా ఆవిడ గుమ్మంలోంచి. మామూలుగానే అందో, తెలిసే అందో నాకు ఇప్పటికీ తెలియదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "పెట్టేయండి, పెట్టేయండి" అన్నాను. కాదంటే ఎందుకో చెప్పాల్సి వచ్చేది.

ఆ సాయంత్రమే, ఆరింటికి ఫోన్ మోగింది. ఒక్కసారి మోగి ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. మళ్ళీ ఒక్కసారి మోగి ఆగింది. మూడోసారి మోగేసరికి మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసింది. ఎత్తక తప్పలేదు.

"ఏమనుకోకండి, రాంగ్ నంబరు" అంది అక్క గొంతు, నేను హలో అనకముందే. "ఇందాకట్నుంచి తప్పు నంబరే కలుపుతున్నట్టున్నాను."

"అక్కా, నేనే."

"ఏమైందిరా? ఒంట్లో బాగానే ఉందా? అమ్మాయి బాగుందా? మీ ఫోన్ మోగుతోందేంటి?"

నాకు తల కొట్టేసినట్టయింది. మా ఇంటి ఫోన్ మోగితే ఏదో జరగరానిది జరిగిందని భయపడేలా చేశాను మా అక్కని.

"అందరం బాగున్నాం. కొత్త కనెక్షన్ పెట్టించాం. ఇక ఎంగేజ్ రాదు."

"అయ్యో, ఎందుకురా? రోజూ ఆరింటికి చేసి ఆ చప్పుడు వినేదాన్ని. వాడు ఇంట్లోనే ఉన్నాడు, క్షేమంగా ఉన్నాడు అనుకుని పొయ్యి వెలిగించుకునేదాన్ని. ఇప్పుడు మోగి మోగి నువ్వు ఎత్తకపోతే నేనేమైపోవాలి?"

నేనిక దాచలేకపోయాను. "అక్కా, ఆ టైములో నాకు పనేం ఉండేది కాదు."

"తెలుసులేరా" అంది, చిన్నప్పుడు నా దొంగతనాలు పట్టుకున్నప్పటి గొంతుతోనే. "ఆదివారం కూడా ఎంగేజ్ వచ్చేదిగా."

ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ పట్టే నాకు ఆదివారం సంగతే తట్టలేదు. ఏ మొహం పెట్టుకుని మాట్లాడాలో తెలియక, "మోకాలి నొప్పి ఎలా ఉంది?" అన్నాను.

"మోకాలా? అది తగ్గి ఏడాది దాటిందిరా. ఇప్పుడు..." అని ఏదో చెప్పబోయి ఆగింది. తర్వాత చాలా మెల్లగా అడిగింది.

"చెప్పనా? పనేం లేదుగా?"