ఒంటిపోగు కుట్టు

కందికట్టె కొట్టాలె. ఈనిన బర్రెకు గంజి కాచిపెట్టాలె. చిన్నోని గజ్జికి మందు రాయాలె. క్యాంపు పోలీసులు అడిగితే "తమ్ముడు బతుకుతెరువుకు బొంబాయి పోయిండు" అని ఇంటిల్లిపాది ఒక్కతీరుగ చెప్పాలె. మల్లన్న మంద కదిలేలోపల తమ్మునికి కప్పుకునేదొకటి పంపాలె.

ఆ చలికాలం మా అవ్వ యాదమ్మకున్న పనులివి. అవ్వకు రాత రాకపోయేది. బతికున్నప్పుడు ఆమె చెప్పింది చెప్పినట్టు నేను రాస్తున్న.

మా ఊరు చిట్యాలకు దగ్గర. పోలీసు యాక్షన్ అయి, నిజాం దిగిపోయి ఏడాది దాటింది. అయినా నిజాం మీద కొట్లాడిన కమ్యూనిస్టు దళంల ఉన్నోళ్ల వేట ఆగలేదు. అవ్వ తమ్ముడు రామచంద్రం అట్ల వెనక్కి జరుగుతూ జరుగుతూ కొల్లాపూర్ దిక్కు అడవుల్లోకి పోయిండు. గుట్టల మీద పంటున్నడని, దగ్గుతోటి నిద్ర లేదని కబురొచ్చింది. ఆయనకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. చలి తగిలితే ఊపిరాడదు. పైగా ఎంత కప్పినా నిద్రలో తన్నేసే అలవాటు. తల్లి పోయినంక, లేచి లేచి దుప్పటి కప్పింది అవ్వే. ఇప్పుడు ఆ గుట్టల మీద కప్పేదెవరు? అవ్వ ఫికర్ అదే.

కురుమ మల్లన్న ఏటా గొర్రెలను ఆ అడవి దిక్కే తోలుకపోతడు. తను చేరవేస్తనన్నడు గాని ఒక మాట ముందే చెప్పిండు.

"చెల్లె, నా భుజం మీద ఏదుంటే అదే పోతది. మనిషికి కప్పుకునేది ఒక్కటే. రెండు కనబడితే పోలీసు నాకా కాడ ఆపుతరు."

"మరి నువ్వేం కప్పుకుంటవన్నా?"

"గొర్రెల నడుమ పండెటోనికి కప్పుకునుడెందుకు? అవి వెచ్చగుంటయి. మా బావ లెక్క గురక గూడ పెట్టయి."

అవ్వ నవ్వుకుంటనే హుస్సేన్ బీ ఇంటికి పోయింది. హుస్సేన్ బీ దూది ఏకి రజాయిలు కుడ్తది. చుట్టుపక్కల ఏ ఇంట్ల పెండ్లయినా రజాయి ఆమె చేతిదే.

"అక్కా, మెత్తటి దూదితోని ఒక రజాయి కావాలె. తేలికగ ఉండాలె. పొయ్యి పక్కన పన్నట్టుండాలె."

"ఎవరికే?"

"బొంబాయిల మా తమ్మునికి."

"బొంబాయిల చలి బాగనే ఉన్నట్టుంది. నా ఒళ్లె ఉచ్చపోసిన పోరడు వాడు, నాకు గూడ బొంబాయేనా?"

హుస్సేన్ బీ తయారుగ ఉన్న ఒక రజాయి పరిచింది. అవ్వ దానిల చెంప పెట్టి చూసింది. పిట్ట పొట్ట కింద చెయ్యి పెట్టినట్టున్నది. ఇదే కావాలన్నది. హుస్సేన్ బీ చెంబుల నుంచి నీళ్లు తీసి ఒక మూల చల్లింది. చూస్తుండంగనే ఆ మూల అణిగి ముద్దయింది.

"అడవిల మంచుకు గింతే. వాడు ఎండల ఆరేసుకుంట కూసుంటడా? గొర్రెలు కాసెటోని భుజాన రజాయి చూసి పోలీసోడు ఊకుంటడా?"

"నీ సరుకును నువ్వే తిట్టుకుంటవేందే!"

"ఇంట్ల పండెటోనికి నా రజాయి. గుట్ట మీద పండెటోనికి గొంగడి."

మల్లన్న దగ్గరున్న కొత్త గొంగడి తెప్పిచ్చి, ఇద్దరూ మధ్యన గుంత చేసి నీళ్లు పోసిండ్రు. నీళ్లు నిలబడ్డయి, కిందికి దిగలే. అయితే గొంగడి గరుకు. రామచంద్రం ఒంటికి పడదు, తప్పక తన్నేస్తడు. అప్పుడు ఇద్దరూ కూడబలుక్కొని ఒక ఉపాయం చేసిండ్రు. ఛాతీ మీదికి వచ్చే జాగాల లోపలి దిక్కు దూది పలచగ పరిచి, దాని మీద అవ్వవాళ్ల తల్లి పాత చీర ముక్క వేసి కుట్టిండ్రు. పైకి చూస్తే వట్టి గొంగడే. కాళ్ల దిక్కు మడిచి రెండు పక్కలా కుడితే సంచి లెక్క అయితది, ఇగ ఎట్ల తన్నుతడో చూస్తమని అవ్వ సంబరపడ్డది. చెప్పులు కుట్టే దారం తెచ్చిచ్చింది.

"దీంతోని కుట్టక్కా. దున్నపోతు తన్నినా ఊడొద్దు."

హుస్సేన్ బీ ఆ దారం పక్కన పెట్టి, నూలు ఒంటిపోగు సూదికెక్కిచ్చింది.

అవ్వకు కోపమొచ్చింది. "గది ఒక్క తన్నుకు తెగుతది!"

"తెగాలె."

"మా వాడు చలికి సచ్చినా నీకేం లేదు గదా!"

హుస్సేన్ బీ కుట్టుడు ఆపలేదు. కండ్లు సూది మీదనే పెట్టి చెప్పింది.

"పోలీసు యాక్షన్ల, రజాకార్ల మీది కసితోని గుంపు మా ఇంటి మీదికొచ్చిన నాడు మా ఆయన జరంతోని పండిండు. నేనే రజాయి కప్పి, కాళ్ల కింద దోపి, గాలి పోకుండ గట్టిగ చుట్టిన. ఉరుకు అని మొత్తుకున్న. కాళ్లు ఎల్లలే యాదమ్మా. ఎల్లేలోపల పట్టుకున్నరు."

ఆమె మొగడు ఖాసిం, రజాకార్ల జెండా పట్టినోడు కాదు, దూదేకే విల్లు పట్టినోడు. ఆ మాట ఊరంతటికీ ఎరుకే. పట్టుకపోయినోళ్లు మాత్రం ఊరోళ్లు కాదు, వాళ్లనడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అవ్వ చెప్పుల దారం కొంగుల కట్టుకొని పక్కన కూసున్నది. రెండో పక్క అవ్వనే కుట్టింది, ఒంటిపోగుతోనే.

కుట్టుడు అయినంక అవ్వ గుల్లెడు జొన్నలు పెట్టబోయింది. హుస్సేన్ బీ తీసుకోలే.

"వాడు కప్పుకున్నప్పుడల్లా ఖాసింను యాది చేసుకొమ్మను. గంతే."

మల్లన్న గొంగడి భుజానేసుకొని, ఆ మాట గూడ మోసుకొని పోయిండు.

పోరాటం ఆగిపోయినంక రామచంద్రం ఇల్లు చేరిండు. చిక్కి కట్టెపుల్ల అయిండు, దగ్గు గూడ పోలే, కానీ మనిషి మిగిలిండు. గొంగడి భుజాన్నే ఉన్నది. అవ్వ ఏడ్సుడు అయిపోకముందే ఆయన నేరుగ హుస్సేన్ బీ ఇంటికి పోయి గొంగడి ఆమె ముందు పరిచిండు. కాళ్ల దిక్కు ఒక పక్క కుట్టు తెగి ఉన్నది.

"వాగు కాడ తెల్లారంగ పోలీసోళ్లు చుట్టుముట్టిండ్రక్కా. ఒక్క తన్ను తన్నిన."

హుస్సేన్ బీ తెగిన అంచు మీద వేళ్లతోటి తడిమి చూసింది.

"మంచిగ తెగింది" అన్నది. అంచు వదలకుండనే, "యాది చేసుకున్నవా?" అని అడిగింది.

"కాళ్లు దూర్చినప్పుడల్లా. మా దళంల అందరికీ ఆయన పేరెరుకే."

ఆ కుట్టు మళ్లీ వేస్తనని మా అమ్మ ఎన్నిసార్లు అన్నా అవ్వ వెయ్యనియ్యలే. గొంగడి ఇప్పుడు మా ఇంట్లనే ఉన్నది. దాన్ని కప్పుకున్నోళ్లు, కుట్టినోళ్లు, మోసినోళ్లు అందరూ పోయిండ్రు. ఖాసిం తిరిగి రాలే. ఆయనకు గోరీ గూడ ఎక్కడా లేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్న. ఈ చలికాలం రాత్రి కాళ్లు ముడుచుకొని వెచ్చగ ముసుగు పెట్టేటప్పుడు, ఒక్కసారి మా ఊరి దూదేకుల ఖాసింను యాది చేసుకోండి.