నా నుదుట దాని మాట

నా రాత నిదానం, తప్పులుంటే దిద్దుకుని చదవండి. బల్లకు చేతులు లేవు కనుక దాని మాటలు నేను రాస్తున్నాను.

నేను ఒక నల్లబల్లను. పార్వతీపురం వడ్రంగి నన్ను చేసి నల్లరంగు పూశాడు. ఆడపిల్లల హాస్టలు కడుతున్న చోట, రేకుల షెడ్డులో నన్ను తగిలించారు. పొద్దున్నే ఇంజనీరు హైమావతమ్మ ఆనాటి పనులు నా మీద రాసేది. ఏ పని అయిపోతే ఆ వరస చెరిపేసేవారు. నా మీద లేదంటే అయిపోయినట్టే. నా మాటకు తిరుగు లేదు.

అలాంటి రోజుల్లో ఒక లావుపాటి పుస్తకం వచ్చింది. పని ఎలా మొదలుపెట్టాలో, ఎవరు చూసుకోవాలో, ఎప్పుడు ముగిసిందనాలో అందులో ఉందట. హైమావతమ్మ దానికి అట్ట వేసింది. దుమ్ము పడితే చున్నీతో తుడిచేది. నన్ను తుడిచేది పాత గోనెపట్టాతో. అన్నం తింటూ కూడా దాన్నే చదివేది. నా ఒళ్లు మండిపోయేది.

స్లాబు వేసిన మర్నాడు "స్లాబుకు నీళ్లు కట్టాలి" అని నా మీద రాసి, ఆమె సిమెంటు కోసం ఊళ్లోకి వెళ్లింది. మేస్త్రీ సింహాచలం నాకు ఆనుకుని, ఫోనులో వియ్యంకుడితో ముచ్చట్లు పెట్టాడు. చెమట చొక్కాకు ఆ వరస కాస్తా అంటుకుపోయింది. తర్వాత వచ్చినవాళ్లు ఖాళీగా ఉన్న నన్ను చూసి, నీళ్లు కట్టేశారనుకుని ఇసుక జల్లించడానికి పోయారు. స్లాబు ఎండకు ఆరిపోతోంది. పగిలిందంటే రేపు పిల్లల మంచాల మీద వాన కురుస్తుంది. నాకు తెలుసు. అయినా లోపల కుళ్లు. ఆ పుస్తకం ఏం ఉద్ధరిస్తుందో చూద్దాం అనుకున్నాను.

హైమావతమ్మ తిరిగొచ్చి నన్ను చూసింది. మునుపైతే అక్కడితో ఆగేది. ఈసారి నీళ్లు ఎవరు కట్టారని అడిగింది. చేసినవాళ్లు తమ నోటితో చెప్పాకే పని ముగిసినట్టని పుస్తకంలో ఉందట.

"బల్ల మీద లేదు కదమ్మా, ఎవులో కట్టేసుంటారు," అన్నాడు సింహాచలం.

"ఎవులో అంటే ఎవులు బావా? నీ వీపా?" అంది జల్లెడ పట్టుకున్న రాములమ్మ. ఆయన చొక్కా వెనక సుద్ద తెల్లగా కనబడుతోంది.

నవ్వుతూనే అందరూ బిందెలు పట్టుకుని పైకి పరుగెత్తారు. స్లాబు దక్కింది.

ఆ సాయంత్రం హైమావతమ్మ తెల్లరంగు తెచ్చి నా పైఅంచున చెరగకుండా రాసింది, "చేసినవాళ్లే చెరపాలి" అని. నా పగవాడి మాట, నా నుదుట.

కట్టడం ముగిశాక పుస్తకాన్ని చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. నన్ను హాస్టలు వంటింటికి ఇచ్చేసింది. ఇక్కడ అన్నం వార్చినవాళ్లే వచ్చి నా మీద "అన్నం" చెరుపుతారు. వానాకాలంలో పిల్లలు పొడి పక్కల మీద పడుకుంటారు. ఆ పుణ్యం ఎవరిదో నాకు తెలుసు.

ఇప్పుడు ఆ పుస్తకం పక్కన ఏ కొత్త బల్ల వేలాడుతోందో. ఆ బల్లను తలుచుకుంటే నా ఒళ్లు మండుతుంది.

రాసింది గొర్లె పైడమ్మ. అరవై మూడేళ్లు. ఈ వంటింటి పక్క గదిలోనే ఉంటున్నాను.