ఒడి బియ్యం

రాయచూరు బజారులో ఇత్తడి సామాన్ల దుకాణం నడిపే నాగేశ్వరయ్య కూతురు శ్రుతి. శక్తినగర్ కరెంటు ఫ్యాక్టరీ నుంచి బొగ్గు బూడిద మోసే లారీ ఒకటి, పైన టార్పాలిన్ పట్టా కప్పకుండా వాళ్ళ దుకాణం ముందు ఆగితే, "సామానంత బూడిదైతుంది, బండి జరుపు" అన్నది. లారీల యజమాని అమరేశప్ప కొడుకు ప్రాణేశ్ కిందికి దిగి, చేతిలోని ఇనుప పానాతో ఆమె మొహం మీద కొట్టాడు. దవడ విరిగింది. బతికింది గాని ఇప్పటికీ నమలలేదు. మాట పళ్ళ సందుల్లోంచి ఈడ్చుకుంటూ వస్తుంది.

ప్రాణేశ్ జామీను మీద బయటికొచ్చాడు. కొన్నాళ్ళకు, రెండిళ్ళూ రాజీ పడ్డాయని చెప్పి, సర్కారు వకీలే కేసు వాపసు తీసుకుంటానని అర్జీ పెట్టాడు. వెనకటి రోజులైతే ఆ సంగతి శ్రుతి చెవిన వేసే దిక్కుండేది కాదు. దెబ్బ తిన్నవాళ్ళ మాట వినందే కేసు వాపసు ఇవ్వకూడదని కొత్త చట్టంలో ఉందట. కోర్టు కాగితం వచ్చిన రోజు తల్లి లలితాంబ దాన్ని దేవుని గూట్లో పెట్టి దండం పెట్టింది. శ్రుతి అద్దం ముందు నిలబడి ఒక్క మాటే సాధన చేసింది.

"కేసు నడవాలె."

జడ్జి అడగగానే ఆ మాటే అన్నది. మెల్లగా అన్నా, అందరికీ అర్థమయ్యేలా అన్నది. లలితాంబకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు ప్రాణేశ్ వకీలు రామలింగయ్య లేచి, ఫోనులో ఒక వీడియో చూపించాడు. అందులో లలితాంబ కొంగు పట్టుకుని పీట మీద కూర్చుంది. ప్రాణేశ్ తల్లి చెన్నవ్వ ఆ కొంగులో ఒడి బియ్యం, కొబ్బరి, తమలపాకులు పోస్తోంది.

"ఇది మీరేనా అమ్మా?" అని లలితాంబను అడిగాడు.

"నేనే."

"మీ పగోళ్ళ ఆడమనిషిని ఇంట్లకి ఎట్ల రానిస్తిరి?"

"శుక్రవారం పూట పసుపు కుంకుమ పట్టుకొని గడప కాడ నిలబడ్డది. 'అక్కా, కేసు మగోళ్ళది, మనకేంది' అన్నది. వాపస్ పంపితే అమ్మవారిని పంపినట్లైతది గద సారూ."

"ఆ బియ్యం ఏం చేసిన్రు?"

"ఏం చేస్తరు? పారెయ్యొద్దు, ఎవరికి ఇయ్యొద్దు. వండిన."

"ఎవరు తిన్నరు?"

లలితాంబ కూతురి వైపు చూసింది. గుర్తు లేదని అనొచ్చు. కాని అబద్ధం చెప్పి ఇంటికెళ్ళి దీపం ఎలా వెలిగిస్తుంది?

"బిడ్డ తిన్నది. నమలలేదు గదా, పాలల్ల మెత్తగ పాయసం చేసి తాపిన."

శ్రుతి తల తిప్పి తల్లిని చూసింది. తాను తిన్నది ఆ బియ్యమని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

"దెబ్బ తిన్న పిల్లనే తిన్నది స్వామీ," అన్నాడు రామలింగయ్య జడ్జితో. "మా దిక్కు పగోళ్ళ ఒడి బియ్యం తినుడుకు మించిన రాజీ ఏముంటది?"

వెనక బెంచీ మీద ప్రాణేశ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"నేను రాజీ కాలె," అన్నది శ్రుతి. అది సాధన చేయని మాట. చొంగతో కలిసి వచ్చింది. జడ్జి మళ్ళీ చెప్పమన్నాడు. గడ్డం తుడుచుకుని మళ్ళీ చెప్పింది. ఆయన తలూపి, బాధితురాలి మాట విన్నామని రాయించాడు. దాని కిందే కేసు వాపసుకు అనుమతి అని కూడా రాయించాడు.

ఆటోలో లలితాంబ కళ్ళు మూసుకుని కూర్చుంది. గడప దగ్గర నిలబడింది అమ్మవారే అయితే, లోపల మంచం మీదున్న ఈ పిల్ల మొహం ఆమెకు కనబడలేదా? అలా అనుకోవడం పాపమేమోనని లెంపలు వేసుకుంది.

ఇంటికి రాగానే గంజి కాచి, ఉప్పు వేసి, చల్లార్చి తెచ్చింది. శ్రుతి గిన్నె అందుకోలేదు.

"ఎవరి బియ్యం?"

"మనయే బిడ్డా."

శ్రుతి గిన్నెను తల్లి ముందుకు జరిపింది.

"ముందు నువ్వు తాగు."

లలితాంబ తాగింది. శ్రుతి చూస్తూ కూర్చుంది.